నార్స్ వెండి: చంద్రుడి కంటే త్రాసుకే దగ్గర

ప్రశ్న: నార్స్ పురాణాల్లో వెండి చంద్రుడికీ, స్త్రీ శక్తికీ గుర్తని ఒక నగల పెట్టె మీద చదివాను. నిజమేనా? (పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: స్కాండినేవియా ప్రాంతపు ఆ పాత గాథల్లో దీనికి ఆధారం లేదు. అక్కడ చంద్రుడైన ‘మాని’ మగవాడు, సూర్యుడి స్థానంలో ఉన్న సోల్ ఆడది. ఇద్దరూ తోబుట్టువులు. వెండిని చంద్రుడితో జతకట్టినవాళ్లు రసవాదులు. ఆ లెక్కను తెచ్చి వైకింగులకు (ఆ ప్రాంతపు నాటి సముద్ర యోధులు, వర్తకులు) అంటగట్టారు.

నిజానికి నార్స్ దేవతల సొత్తు చాలావరకు బంగారమే. దేవతల పెద్ద ఓడిన్ కడియం ద్రౌప్నిర్ నుంచి ప్రతి తొమ్మిదో రాత్రి అంతే బరువున్న ఎనిమిది బంగారు కడియాలు రాలతాయి. ఫ్రేయా అనే దేవత కన్నీళ్లు కూడా ఎర్ర బంగారమే. వెండి కనిపించేది ఇంటికప్పుల మీద. ఓడిన్ మందిరం వలస్క్యాల్వ్‌కు వెండి కప్పు. తగవులు తీర్చే ఫోర్సెటి మందిరం గ్లిట్నిర్‌కు స్తంభాలు బంగారం, కప్పు వెండి. చదువుతుంటే మనకు శివుడి వెండికొండ గుర్తురావడం సహజమే గానీ, రెంటికీ చుట్టరికం కలపకండి.

ప్రశ్న: వైకింగుల నిధుల్లో మంచి మంచి కడియాలు, నాణేలు ముక్కలై ఉంటాయి. ఎందుకు నరికారు? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: చిల్లర కోసం. నాణెం మీద ఏ రాజు ముద్ర ఉందన్నది వాళ్లకు పట్టేది కాదు, ఎంత తూగిందన్నదే లెక్క. వాళ్ల తూకాల్లో మూడు ఎర్టోగ్‌లు ఒక ఎయ్రిర్, ఎనిమిది ఎయ్రిర్‌లు ఒక మార్క్. ఎయ్రిర్ సుమారు 27 గ్రాములు, అంటే మన పాత తులాల్లో రెండుంపావు పైన. మార్క్ సుమారు 214 గ్రాములు. మూడు గ్రాములకు కాస్త తక్కువ తూగే అరబ్బు వెండి నాణేలు, దిర్హమ్‌లు, తొమ్మిది వేస్తే దాదాపు ఒక ఎయ్రిర్ అయ్యేది. తక్కువైతే కడియం నుంచి ఒక ముక్క నరికి త్రాసు పళ్లెంలో వేసేవారు.

మోసాలూ ఉండేవి. రాగి మీద వెండి పూత పూసి అంటగట్టేవాళ్లున్నారు. అందుకే పుచ్చుకునేవాడు కత్తిమొనతో గాటు పెట్టి చూసేవాడు. మేలిమి వెండి మెత్తగా తెగుతుంది, రాగి కలిస్తే గట్టిగా తగులుతుంది, పూత అయితే లోపలి ఎరుపు బయటపడుతుంది. చేతులు మారేకొద్దీ నాణెం మీద గాట్లు పెరిగేవి. తూకపు గుండ్ల విషయంలోనూ ఇదే అనుమానం: లోపల ఇనుము, పైన కంచు తొడుగు. ఎవరైనా అరగదీస్తే ఇనుము కనిపించి దొరికిపోతారు.

ఈ వెండిలో అధికభాగం 9, 10 శతాబ్దాల్లో రష్యాలోని వోల్గా నది దారిన బొచ్చుకూ, బానిసలకూ బదులుగా వచ్చింది. 921-22లో బాగ్దాద్ నుంచి దూతగా అటు వెళ్లిన ఇబ్న్ ఫద్లాన్ రాసినదాని ప్రకారం, రూస్ (ఆ దారిన వర్తకం చేసిన వైకింగులు) వర్తకుడి ఆస్తి పదివేల దిర్హమ్‌లకు చేరితే భార్య మెడలో ఒక కంటె, ఇరవై వేలైతే రెండు. సంపదకు గుర్తు అంటే ఇదీ! పదో శతాబ్దం చివరికి తూర్పు వెండి సన్నగిల్లి, జర్మన్, ఇంగ్లీషు నాణేలు ఆ చోటు తీసుకున్నాయి.

నిధుల్లో పెద్దది స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలోని స్పిల్లింగ్స్‌లో 1999లో దొరికింది: 67 కిలోల వెండి, అందులో 14 వేలకు పైగా నాణేలు. ఇంత పాతిపెట్టి ఎందుకు వదిలేశారు? దాచినవాడు చనిపోయి ఉండొచ్చు. పాత రాజుల కథలు చెప్పే ఇంగ్లింగ సాగా మరో మాట చెబుతుంది: బతికుండగా మట్టిలో దాచుకున్నదాన్ని మనిషి చనిపోయాక వల్హల్లాలో (ఓడిన్ మందిరంలో) అనుభవిస్తాడట. అయితే ఆ సాగా 13వ శతాబ్దపు రచన కాబట్టి ప్రతి నిధికీ ఈ కారణమే అంటించడం తగదు.

ప్రశ్న: ఉరుముల దేవుడు థోర్ సుత్తి ఆకారపు లాకెట్ (925 వెండి, అంటే 92.5 శాతం) నల్లబడింది. ఎలా శుభ్రం చేయాలి? (పాఠకుడు, డాలస్)

జవాబు: ముందు గీతల్లోని నలుపును చూడండి. నమూనా తేలడానికి కావాలని నల్లబరిచినదైతే కింద చెప్పే వంటసోడా నీళ్లలో ముంచొద్దు. ఆ నలుపూ, గాలిలోని గంధకం వల్ల పట్టిన నలుపూ ఒకే పదార్థం, వెండి సల్ఫైడ్. రెండూ పోయి సుత్తి బోసిగా మిగులుతుంది. అలాంటిదాన్ని కొద్ది సబ్బునీటితో కడిగి, ఉబ్బెత్తు భాగాలను మాత్రం మెత్తటి గుడ్డతో రుద్దండి. అంతా సాదా వెండే అయితే గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, లాకెట్ దానికి ఆనేలా పెట్టి, లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోయండి. రేకుకు తగలకపోతే పని జరగదు. రెండు మూడు నిమిషాలకు తీసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. రాళ్లు, జిగురుతో అతికించిన భాగాలు ఉంటే ఈ పద్ధతి వద్దు.