కోర్టుకు పోయినందుకు లక్ష దండుగ: వీడీసీకి ఆ అధికారం ఉందా?

ప్రశ్న: మాది నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. నేను ఐదేళ్లుగా దుబాయ్‌లో పని చేస్తున్నాను. ఇంటి పక్క సందు గురించి పక్కింటివాళ్లతో తగాదా వచ్చింది. వీడీసీలో (గ్రామాభివృద్ధి కమిటీలో) పంచాయితీ పెడితే నాలుగడుగులు వదులుకొమ్మన్నారు. మా బాపు ఒప్పుకోక కోర్టులో కేసు వేశాడు. కమిటీని కాదని కోర్టుకు పోయినందుకు లక్ష రూపాయల దండుగ కట్టాలని, కేసు వాపసు తీసుకోవాలని అన్నారు. కట్టకపోయేసరికి డప్పు చాటింపు వేయించారు. మాతో మాట్లాడినా, మాకు పనికి వచ్చినా ఐదు వేలు కట్టాలట. ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు, నాకూ వచ్చింది. ఇది పసుపు తవ్వే టైము, కూలీలు రావడం లేదు. మాకు ట్రాక్టర్ పంపినందుకు ఒకాయన దగ్గర ఐదు వేలు తీసుకుని రశీదు ఇచ్చారు. కిరాణం షాపులో సామాను ఇవ్వడం లేదు. ఇవన్నీ తీర్మానించిన రోజు సర్పంచ్ కూడా ఊరి పంచాయితీలు జరిగే కచ్చీరులోనే కూర్చున్నాడు. పోలీస్ స్టేషన్‌కు పోతే ‘ఊళ్లో మాట్లాడుకోండి’ అన్నారు. మేం బీసీలం. ఎస్సీ, ఎస్టీ కేసు పెట్టమని ఒకరు, దీనికసలు చట్టమే లేదని ఇంకొకరు అంటున్నారు. ఇక్కడి నుంచి నేనేం చేయగలను?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాటను మధ్యలో ఎక్కడో పెట్టారు. ట్రాక్టర్ ఆయనకు ఇచ్చిన రశీదు. దాని ఫోటో ఈ రోజే తెప్పించుకోండి, రెండు వైపులా. ఎవరి సంతకం ఉంది, ముద్ర ఉందా, దేనికోసం తీసుకున్నట్టు రాశారు అన్నవి స్పష్టంగా కనపడాలి. ‘విరాళం’ అని రాసి ఉన్నా కంగారు పడకండి. మీ పొలానికి ట్రాక్టర్ పంపిన మరునాడే ఆయనకు ఐదు వేల విరాళం ఇవ్వాలని ఎందుకు బుద్ధి పుట్టిందో చెప్పుకోవాల్సింది వాళ్లు.

వీడీసీలంటే నాకేమీ పగ లేదు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు ఊళ్లలో ఈ కమిటీలు కట్టించిన గుళ్లు, మంచినీళ్ల ప్లాంట్లు నేనూ చూశాను. పదిమంది కలిసి ఇష్టంతో చందాలు వేసుకుని ఊరికి మంచి చేసుకుంటే ఏ చట్టమూ అడ్డురాదు. అదే కమిటీ చికెన్ షాపు ఎవరు పెట్టాలో, బెల్టు షాపు ఎవరు నడపాలో హర్రాజు పాడించడం దగ్గరే అసలు తంటా మొదలవుతుంది. చట్టం అనుమతి లేకుండా ఎవరూ పన్ను వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. ప్రభుత్వానికే లేని చనువు కచ్చీరులో కుర్చీలు వేసుకున్నవాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? బెల్టు షాపు సంగతైతే ఎక్సైజ్ చట్టం కింద అదే ఒక నేరం, దానికి హర్రాజు పాడటం ఇంకో ముచ్చట.

గ్రామ పంచాయతీ వేరు, వీడీసీ వేరు. మొదటిది ఎన్నికైన సంస్థ. 73వ రాజ్యాంగ సవరణతో, మన దగ్గర 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో నడుస్తుంది. ఊరి జనం కూర్చుని మాట్లాడుకోవడానికి ఆ చట్టంలో గ్రామసభ ఉంది. మీ ఊళ్లో దండుగలు వేసే వీడీసీకి ఆ చట్టంలో చోటు లేదు. సొసైటీగా రిజిస్టర్ చేయించుకున్నాం అంటారేమో, చేయించుకోనివ్వండి. సొసైటీ తన సభ్యుల దగ్గర చందా తీసుకోవచ్చు, ఊరి మీద జరిమానా వేయలేదు. ఆ మాటకొస్తే కోర్టుకు వెళ్లినందుకు జరిమానా వేసే అధికారం పంచాయతీకీ లేదు.

ఇక ‘చట్టమే లేదు’ అన్న మాట. అందులో సగం నిజముంది. సాంఘిక బహిష్కరణ మీద మహారాష్ట్రలో ప్రత్యేక చట్టం ఉంది. 2016 నాటిది, 2017 జూలైలో అమల్లోకి వచ్చింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అలాంటిది తెలంగాణలో లేదు. అందుకే మీ నాన్నగారు స్టేషన్‌కు వెళ్లి ‘ఊరు మమ్మల్ని వెలివేసింది, ఎవరూ మాట్లాడటం లేదు’ అని చెబితే, ఎస్సైకి ఏ సెక్షన్ పెట్టాలో తోచదు, లేదా తోచనట్టు ఉంటారు. మాట్లాడకపోవడం నేరం కాదు మరి. పక్కింటాయన మీ నాన్నగారిని చూసి మొహం తిప్పుకుంటే ఏ జడ్జీ ఆయన మెడ ఇటు తిప్పలేరు.

కానీ మీ ఊళ్లో జరిగింది మొహం తిప్పుకోవడం కాదు కదా. డబ్బు అడిగారు. కట్టకపోతే నష్టం చేస్తామన్నారు, చేశారు. భయపెట్టి డబ్బు గుంజడానికి, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్ ఉంది. నష్టం అంటే ఒంటి మీద దెబ్బ ఒక్కటే అనుకోకండి. మనసుకు, పరువుకు, ఆస్తికి అక్రమంగా కలిగించే హాని కూడా అందులోకే వస్తుందని ఆ చట్టమే చెబుతోంది. పొలంలో పసుపు తవ్వే దిక్కు లేకుండా చేయడం కంటే ఆస్తికి హాని ఇంకేం కావాలి?

ఇందులో ఒక మెలిక ఉంది. మీ నాన్నగారు లక్ష కట్టలేదు కాబట్టి ఆయన విషయంలో వసూలు పూర్తి కాలేదు. ఆయనకు వర్తించేది వసూలు కోసం భయపెట్టడం, 308(3), రెండేళ్ల దాకా శిక్ష. ట్రాక్టర్ ఆయన మాత్రం కట్టేశారు. ఆయన విషయంలో నేరం పూర్తయింది, 308(2), ఏడేళ్ల దాకా శిక్ష. అంటే మీ కంటే బలమైన కేసు ఆయనది. ఆయన ముందుకు వస్తారా అన్నది వేరే సంగతి, మళ్లీ ఊళ్లో బతకాలి కదా అని వెనకాడతారు. ఫిర్యాదు ఇవ్వకపోయినా సాక్షిగా ఆయన పేరు రాయవచ్చు. ముందు ఒక మాట ఆయన చెవిన వేసి రాయించండి, చెప్పకుండా ఇరికిస్తే ఉన్న ఒక్క మనిషీ దూరమవుతాడు.

బెదిరింపుకు 351వ సెక్షన్ ఉండనే ఉంది. కేసు వాపసు తీసుకొమ్మనడం ఇంకో నేరం. చట్టప్రకారం రక్షణ కోసం అధికారులను ఆశ్రయించకుండా ఎవరినైనా బెదిరిస్తే 225వ సెక్షన్ వర్తిస్తుంది, ఏడాది దాకా శిక్ష. ఈ సంగతి పోలీసులకే చెప్పి ఊరుకోకండి. సందు కేసు చూస్తున్న మీ లాయరుకు చెప్పి, ఆ కోర్టులోనే అఫిడవిట్ వేయించండి. తన ముందున్న కేసును బయట ఎవరో దండుగ వేసి ఆపించాలని చూస్తున్నారంటే ఏ న్యాయమూర్తీ తేలిగ్గా తీసుకోరు.

ఫిర్యాదు రాసే తీరు మీదే సగం కేసు ఆధారపడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చే కాగితాల్లో ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: ‘వీడీసీ వారు మా కుటుంబాన్ని బహిష్కరించి మానసిక క్షోభకు గురిచేస్తున్నారు కావున తగు చర్యలు తీసుకోగలరు.’ దీంతో ఏమీ కాదు. వీడీసీ అనేది మనిషి కాదు, దాన్ని స్టేషన్‌కు పిలవలేరు. ఇలా రాయించండి: ‘ఫలానా తేదీ సాయంత్రం ఏడు గంటలకు కచ్చీరులో ఫలానా, ఫలానా, ఫలానా వారు నన్ను పిలిపించారు. కోర్టు కేసు వాపసు తీసుకుని లక్ష రూపాయలు కట్టకపోతే పొలానికి కూలీలు రాకుండా చేస్తామని ఫలానా వ్యక్తి అన్నాడు. ఫలానా తేదీన చాటింపు వేయించారు. ఫలానా తేదీన నాకు ట్రాక్టర్ పంపినందుకు ఫలానా వారి వద్ద ఐదు వేలు వసూలు చేశారు, రశీదు నకలు జతపరిచాను.’ మనిషి, తేదీ, మొత్తం, అన్న మాట. నలుగురి పేర్లు కచ్చితంగా తెలిస్తే నలుగురివే రాయండి. కోపంలో నలభై పేర్లు పెడితే ఆ నలుగురూ గుంపులో కలిసిపోయి తప్పించుకుంటారు.

డప్పు కొట్టిన ఆయన పేరును మాత్రం నిందితుల్లో పెట్టకండి, సాక్షుల్లో పెట్టండి. ఆయనకు ఎవరు చెప్పి కొట్టించారో కోర్టుకు చెప్పగలిగినవాడు ఆయనే.

ఎస్సీ, ఎస్టీ చట్టం మీకు వర్తించదు. మీరు బీసీలు. సలహా ఇచ్చిన మనిషి ఎవరో గానీ మంచి చేయబోయి మిమ్మల్ని చిక్కులో పెట్టేవారు. అయితే మీ పొలానికి వచ్చినందుకు దండుగ పడ్డ కూలీల్లో గానీ, ఆ ట్రాక్టర్ ఆయన గానీ ఎస్సీ, ఎస్టీ వర్గాలవారైతే, దండుగ వేసినవాళ్లు ఆ వర్గాలకు చెందనివారైతే లెక్క మారుతుంది. ఆ వర్గాలవారిని సాంఘికంగా, ఆర్థికంగా బహిష్కరించడం, బహిష్కరిస్తామని బెదిరించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(జెడ్‌సీ) కింద నేరం. 2015 సవరణతో వచ్చింది. ఆ ఫిర్యాదు వాళ్లు ఇవ్వాలి, వాళ్ల ఇష్టంతో ఇవ్వాలి. మీ తగాదాకు వాళ్లను ఆయుధం చేసుకోవద్దు.

పోలీసులు ‘ఊళ్లో మాట్లాడుకోండి’ అన్నారు. పోలీసులు నేరుగా కేసు కట్టదగిన నేరం ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో 2013లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. నోటి మాటగా వెళితే నోటి మాటే వస్తుంది. రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ, ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును పై అధికారికి రిజిస్టర్ పోస్టులో పంపాలి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) అదే చెబుతోంది. నిజామాబాద్‌లో ఎస్పీ ఉండరు, పోలీస్ కమిషనర్ ఉంటారు కాబట్టి ఆ చిరునామాకు. అక్కడా కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్ కోర్టులో, అఫిడవిట్‌తో. పోస్టు రశీదు పారేయకండి, మేజిస్ట్రేట్ మొదట అడిగేది దాన్నే. నేరుగా హైకోర్టులో రిట్ వేద్దామని మిమ్మల్ని ఎవరైనా ఊరిస్తే, ముందు మేజిస్ట్రేట్ దగ్గరికి ఎందుకు పోలేదని అక్కడ అడిగే అవకాశం ఎక్కువని తెలుసుకునే వెళ్లండి.

కొన్నిసార్లు పోలీసులు కమిటీవాళ్లను తహసీల్దార్ ముందు బైండోవర్ చేసి (ఇకపై గొడవ చేయమని పూచీకత్తు రాయించి) ‘అయిపోయింది పొండి’ అంటారు. దానివల్ల వాళ్లు కొన్నాళ్లు నెమ్మదిస్తారు, మంచిదే. కానీ అది ఎఫ్ఐఆర్‌కు బదులు కాదు.

పసుపు ఆగదు కాబట్టి క్రిమినల్ కేసు తేలే దాకా కూర్చోలేరు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి, మీ పొలానికి వచ్చే కూలీలను, యంత్రాలను అడ్డుకోకుండా తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. అత్యవసరం చూపిస్తే అవతలి పక్షానికి నోటీసు వెళ్లకముందే ఇచ్చే వీలుంది. కమిటీ రిజిస్టర్ కాకపోతే దాని పేరు మీద దావా నిలవదు, మనుషుల పేర్ల మీద వేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద వాళ్లను మొత్తం కమిటీకి ప్రతినిధులుగా చూపించే పద్ధతి మీ లాయరుకు తెలిసే ఉంటుంది. ఆర్డర్ చేతికొచ్చాక జిరాక్సులు తీయించి, పక్క ఊరి కూలీ మేస్త్రీకి ఒకటి ఇవ్వండి. దండుగ భయంతో రానివాళ్లకు కోర్టు కాగితం చూస్తే కాస్త ధైర్యం వస్తుంది.

ఖర్చు గురించి: మీ అమ్మగారి పేరు మీద దావా వేసే వీలుంటే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేదు. 15100కు ఫోన్ చేసినా, కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీకి వెళ్లినా దరఖాస్తు తీసుకుంటారు.

సర్పంచ్ కచ్చీరులో కూర్చున్నాడన్న సంగతి వేరే కాగితంగా కలెక్టరుకు ఇవ్వండి, జిల్లా పంచాయతీ అధికారికి నకలు పెట్టండి. దాంతోపాటు పంచాయతీ కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు ఒకటి: వీడీసీని పంచాయతీ ఏ తీర్మానంతో ఏర్పాటు చేసింది, దండుగ వేసే అధికారం ఏ ఉత్తర్వుతో ఇచ్చింది, నకళ్లు ఇవ్వగలరు. గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు ఫీజు లేదు. ముప్పై రోజుల్లో ‘అలాంటి తీర్మానం మా రికార్డులో లేదు’ అని ముద్ర వేసి ఇస్తారు. అదే మీకు కావాల్సింది.

మీ నాన్నగారికి రాజీ కావాలని ఉంటే అందులో తప్పేమీ లేదు. సందు తగాదాలు లోక్ అదాలత్‌లో బాగానే తెగుతాయి. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం. కచ్చీరులో తెల్లకాగితం మీద వేలిముద్ర మాత్రం వేయవద్దని చెప్పండి. ‘తర్వాత రాసుకుంటాం’ అన్న కాగితాల మీద ఎన్ని గజాలు పోయాయో నేను కళ్లారా చూశాను.

ఇక దుబాయ్ నుంచి మీరు చేయగలిగింది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపవచ్చు గానీ, పంపినవాళ్లు మూడు రోజుల్లో వచ్చి సంతకం పెడితేనే అది ఎఫ్ఐఆర్ అవుతుంది. మీరు రాలేరు కాబట్టి ఫిర్యాదు నాన్నగారితోనే ఇప్పించండి. మీ దగ్గర ఆయన దగ్గర లేనిది ఒకటుంది: ఆ వాట్సాప్ మెసేజ్ మీ ఫోన్‌కు వచ్చింది. గ్రూపులోంచి బయటికి రాకండి, వాళ్లు తీసేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి. పంపినవాళ్ల నంబరు, తేదీ, టైము కనబడాలి. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. దాన్ని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫోన్ మీది కాబట్టి అందులో మీ భాగం మీరే సంతకం చేయాలి. మిగతా భాగం నిపుణుడిది, అది ఇక్కడ మీ లాయరు చూసుకుంటారు. గ్రూపులో మాత్రం ఒక్క మాట కూడా తిరిగి రాయకండి. అక్కడ మీరు కోపంతో రాసేది రేపు వాళ్ల కౌంటర్ కేసుకు మొదటి పేజీ అవుతుంది.