రివ్యూలు ఎప్పుడు చదవాలి, ఎంతవరకు నమ్మాలి

చిరంజీవి శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఏదైనా చూద్దామని కూర్చుంటే రివ్యూలు చదవడంలోనే రెండు గంటలు గడిచిపోతున్నాయని, చివరికి ఏదీ చూడకుండానే పడుకుంటున్నావని రాశావు. ఇష్టపడి తెచ్చుకున్న నవలకు రేటింగ్ తక్కువ ఉందని తెలిసి, తెరవకుండానే పక్కన పెట్టేశావట. ఇవి చాలామందికి ఉన్న ఇబ్బందులే, వీటికి దారి ఉంది. కానీ మధ్యలో ఒక మాట రాశావు చూడు, "సినిమా చూస్తున్నంతసేపూ బాగుంది పెద్దమ్మా, వచ్చాక రివ్యూలు చదివితే నాకు అంత నచ్చలేదేమో అనిపించింది" అని, అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను.

పత్రికలో సినిమాల పేజీ, పుస్తకాల పేజీ చాలా ఏళ్లు చూశాను. రివ్యూలు రాశాను, రాయించాను, చోటు సరిపోక కత్తిరించాను. ఆ పని అంటే నాకు గౌరవం. మంచి సమీక్షకుడు నువ్వు చూసినదాంట్లోనే నువ్వు గమనించనిది చూపిస్తాడు. అయితే అది నీ చేతికి ఎప్పుడు వచ్చిందన్నదాన్ని బట్టే దానివల్ల మేలో కీడో జరుగుతుంది.

2006లో ‘సైన్స్’ పత్రికలో మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురి పరిశోధన ఒకటి వచ్చింది. ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని, 14 వేలమందికి పైగా జనానికి ఇంటర్నెట్‌లో వినిపించారు. కొందరికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగతావాళ్లను ఎనిమిది గుంపులుగా విడదీసి, ఎవరి గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. పాటలు అవే, కానీ ఒక గుంపులో పైకెక్కిన పాట ఇంకో గుంపులో వెనకబడింది. మరీ మంచివి అడుగుకు పోవడం, మరీ నాసిరకంవి పైకి రావడం అరుదే. మధ్యలో ఉన్నవాటి రాత మాత్రం ముందొచ్చినవాళ్లు దేన్ని ఎంచుకున్నారన్నదాన్ని బట్టి ఎటైనా తిరిగింది. మనం చూసే సినిమాల్లో, చదివే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ మధ్యలోవే కదా!

2013లో అదే పత్రికలో ఇంకొకటి వచ్చింది. ఒక వార్తల సైట్‌లో జనం రాసే కామెంట్లలో కొన్నింటికి, ఏ కారణమూ లేకుండా, పరిశోధకులే మొదటి ప్లస్ ఓటు వేశారు. ఆ ఒక్క ఓటు వల్ల వాటికి చివరికి వచ్చిన రేటింగ్ సగటున 25 శాతం పెరిగింది. మొదట మైనస్ వేసిన కామెంట్లను మాత్రం తర్వాత వచ్చినవాళ్లు సరిచేశారట. అంటే అన్యాయంగా తిట్టినదాన్ని ఎవరో ఒకరు ఆదుకుంటారు, అనవసరంగా పొగిడినదాన్ని మాత్రం అందరం కలిసి ఇంకాస్త పైకి తోస్తాం. మొదటి రోజు హిట్ టాక్ కోసం అంత హడావుడి ఎందుకో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి నీకు జరిగింది నీ బలహీనత అనుకోకు. ఎవరికైనా అంతే. దానికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. సినిమా అయిపోగానే, పుస్తకం మూయగానే, గేమ్ ముగియగానే, ఫోన్ పట్టుకోకముందు నాలుగు వాక్యాలు రాసుకో. ‘బాగుంది’, ‘బాగోలేదు’ అని రాయొద్దు. ఎక్కడ నువ్వు కదలకుండా కూర్చున్నావో, ఎక్కడ టైమ్ చూసుకున్నావో, ఏ పాత్ర మాట ఇంకా చెవిలో ఉందో రాయి. ఆ తర్వాత ఎన్ని రివ్యూలైనా చదువు. అప్పుడు చదివిన రివ్యూతో నువ్వు వాదించగలవు. అవతలివాడు చెప్పింది నిజమనిపిస్తే అభిప్రాయం మార్చుకో, తప్పేం లేదు. కానీ మార్చుకోవడానికి ముందు నీకంటూ ఒకటి ఉండాలి కదా, అది కాగితం మీద ఉంటే ఎక్కడికీ పోదు.

ఇక అంకెల సంగతి. విమర్శకుల రివ్యూలను ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ సైట్‌లో సినిమా పక్కన కనిపించే శాతాన్ని చాలామంది పరీక్షలో వచ్చిన మార్కుల్లా చదువుతారు. అది విమర్శకుల్లో ఎంతమంది ‘బాగుంది’ వైపు మొగ్గారన్న లెక్క మాత్రమే. వందమందీ "పర్వాలేదు, ఒకసారి చూడొచ్చు" అంటే 100 శాతం వస్తుంది. అరవైమంది ఈ మధ్య ఇంత గొప్ప సినిమా రాలేదని, నలభైమంది భరించలేకపోయామని అంటే 60 వస్తుంది. నాకైతే రెండోదే ముందు చూడాలనిపిస్తుంది. అలాంటిదే ఇంకో సైట్ మెటాక్రిటిక్ సగటు కడుతుంది కానీ అన్ని పత్రికలనూ సమానంగా లెక్కేయదు, ఏ పత్రికకు ఎంత విలువ ఇస్తుందో బయటపెట్టదు. 2010లో ‘ఫాల్అవుట్: న్యూ వెగాస్’ గేమ్ చేసిన ఆబ్సిడియన్ సంస్థకు అక్కడ 85 వస్తే బోనస్ అని ఒప్పందం ఉండేది. 84 వచ్చింది, బోనస్ పోయింది. తయారుచేసినవాళ్లకు ఆ ఒక్క పాయింటు జీతాలతో ముడిపడిన విషయం. ఆడేవాడికి 84కూ 85కూ మధ్య కనిపించే తేడా ఏమీ ఉండదు.

అందుకే అంకెను గేటు దాకా రానివ్వు, ఇంట్లోకి రానివ్వకు. ఇలాంటిది ఒకటి ఉందని నీకు తెలియజేయడం వరకే దాని పని. నీకు సరిపోతుందో లేదో మాటలు చెప్పాలి, అంకె చెప్పలేదు.

ఆ మాటలు ఎలా చదవాలో ఒక ఉదాహరణ రాసి చూపిస్తాను. ఇది నేను అల్లినదే, కానీ ఇలాంటివి నా బల్ల మీదికి రోజూ వచ్చేవి: "కథనం చాలా నెమ్మది. నాయిక మొదటి ఇరవై నిమిషాలు దాదాపు మాట్లాడదు. తండ్రి ఎందుకు వెళ్లిపోయాడో చివరిదాకా చెప్పరు. ప్రేక్షకుడి సహనానికి పరీక్ష. 2/5." ఇందులో చివరి రెండు ముక్కలు రాసినవాడి సంగతి. మొదటి మూడు వాక్యాలు సినిమా సంగతి. నీ ఇష్టాలు తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ మూడు వాక్యాలు చదివితే నువ్వు ఆ రోజే టికెట్ తీసుకుంటావు. అంటే 2/5 ఇచ్చిన ఆ మనిషి నీకు మంచి సినిమాను చూపించాడన్నమాట. ఇప్పుడు ఇది చూడు: "తప్పక చూడాల్సిన చిత్రం. నటీనటులంతా ప్రాణం పెట్టారు. దర్శకుడి ప్రతిభకు నిదర్శనం. 4/5." దీన్ని తీసుకెళ్లి ఏ సినిమా పేరు కింద పెట్టినా సరిపోతుంది. అలా దేనికైనా సరిపోయే రివ్యూ నీకు ఏమీ చెప్పనట్టే. నా దగ్గర పనిచేసే పిల్లలకు ముందు ఇదే నేర్పేదాన్ని.

ఎంపిక చేసుకునేటప్పుడు రెండు రివ్యూలు చాలు, మెచ్చుకున్నది ఒకటి, తిట్టింది ఒకటి. రెండింట్లోనూ కనిపించే విషయం ఏదో చూడు. ఒకరు "ప్రశాంతంగా సాగింది" అని, ఇంకొకరు "బోరు కొట్టింది" అని రాస్తే, ఇద్దరూ చెబుతున్నది ఒకే సంగతి. అది ఆ సినిమాలో ఉందని ఖాయం చేసుకుని, నీకు ఇష్టమో కాదో నువ్వే తేల్చుకో. ఇరవై రివ్యూలు చదివితే ఇంతకన్నా ఎక్కువ తెలిసేదేమీ ఉండదు, టెన్షన్ తప్ప.

ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఒకటుంది. రివ్యూ రాసినవాడు చూసిందీ, నీ చేతికి వచ్చేదీ ఒకటేనా? అమెరికా రచయిత హెర్మన్ మెల్విల్ నవల ‘మోబీ డిక్’ 1851 అక్టోబరులో ముందు లండన్‌లో ‘ద వేల్’ పేరుతో వచ్చింది. ఆ ముద్రణలో చివరి ఉపసంహారం లేదు. కథ చెప్పేవాడు ఎలా బతికి బయటపడ్డాడో ఉన్నది ఆ పేజీలోనే. అది లేకపోయేసరికి, ఓడలో అందరూ పోయాక ఈ కథ చెప్పిందెవరని అక్కడి విమర్శకులు కొందరు తప్పుపట్టారు. వాళ్లు అబద్ధం రాయలేదు, వాళ్ల చేతిలో ఉన్న పుస్తకంలో నిజంగానే ఆ లోపం ఉంది. నెల తిరగకుండా అమెరికాలో వచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఉంది. మెల్విల్ 1891లో పోయేనాటికి ఆ నవలను పట్టించుకునేవాళ్లు దాదాపు లేరు. దానికి దక్కాల్సిన గౌరవం 1920ల నుంచి దక్కడం మొదలైంది.

గేముల్లో ఇది ఇంకా ఎక్కువ. ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబరు 10న విడుదలైంది. దానికి ముందే వచ్చిన రివ్యూలు కంప్యూటర్ మీద ఆడి రాసినవి, మంచి మార్కులే పడ్డాయి. పాత కన్సోళ్ల, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ పరికరాల, కాపీలు సమీక్షకులకు ముందుగా ఇవ్వలేదు. వాటి మీద కొన్నవాళ్లకు గేమ్ ఆగిపోవడం, బొమ్మలు చెదరడం లాంటి ఇబ్బందులు ఎంతగా వచ్చాయంటే, సోనీ తన స్టోర్ నుంచి ఆ నెలలోనే తీసేసి, మరుసటి ఏడాది జూన్‌లో గానీ మళ్లీ పెట్టలేదు. తర్వాత ఏళ్లతరబడి అప్‌డేట్లు వచ్చి ఆ గేమ్ బాగా మెరుగుపడింది. ఇప్పుడు కొనేవాళ్లకు ఆ మొదటి పొగడ్తా పనికిరాదు, ఆ తర్వాతి తిట్లూ పనికిరావు. అందుకే గేమ్ రివ్యూ చదివేటప్పుడు మూడు విషయాలు చూడు: తేదీ ఏమిటి, ఏ పరికరం మీద ఆడారు, ఎన్ని గంటలు ఆడారు. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ సైట్‌లో రివ్యూ పక్కనే ఆడిన గంటలు కనిపిస్తాయి, ఈమధ్య వచ్చిన రివ్యూల లెక్క విడిగా ఇస్తారు. అరగంట ఆడి తిట్టినవాడి మాటా, మూడు వందల గంటలు ఆడాక "ఇక చాలు" అన్నవాడి మాటా ఒకే తీరున చదవకూడదు. గేమ్‌కు నలభై, యాభై గంటలు పెట్టాలి కాబట్టి కొనేముందు రివ్యూలు బాగానే చదువు, నేను వద్దనను. పైగా స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. ఆ రెండు గంటలు ఏ రివ్యూ కన్నా ఎక్కువ చెబుతాయి.

పుస్తకానికి ఇంత అవసరం లేదు. మొదటి పది పేజీలు చదివితే ఆ రచయిత గొంతు నీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది. పక్కన పెట్టేసిన ఆ నవలకు ముందు ఆ పది పేజీల అవకాశం ఇవ్వు. అట్ట వెనక రాసిన మెచ్చుకోళ్లను లెక్కలోకి తీసుకోకు. సినిమాకు పోయేది రెండు, రెండున్నర గంటలు. దానికి రెండు గంటల పరిశోధన అక్కర్లేదు. ఏ రకం సినిమా, ఎవరు తీశారు, నిన్ను కలవరపెట్టే హింస లాంటిదేమైనా ఉందా, ఇంతవరకు తెలుసుకుని వెళ్లు. కథ తెలిసిపోయేలా రాసే రివ్యూలను మాత్రం పూర్తిగా మానెయ్.

నమ్మడానికి మనుషులను వెతుక్కో, సైట్లను కాదు. ఇద్దరు ముగ్గురు సమీక్షకులను ఎంచుకుని ఏడాదిపాటు వదలకుండా చదువు. నీతో ఎప్పుడూ ఏకీభవించేవాళ్లే కావాలని చూడకు. నాకు ఎప్పుడూ వ్యతిరేకంగా ఉండే ఒక విమర్శకుడు ఉండేవాడు. పాటలు ఎక్కువైతే అతనికి చిరాకు, నాకు ఇష్టం. అతను చిరాకుపడిన సినిమాకు నేను నిశ్చింతగా వెళ్లేదాన్ని. అలా ఒక మనిషి అభిరుచి నీకు తెలిస్తే అతని ప్రతి మాటా పనికొస్తుంది. ముక్కూమొహం తెలియనివాళ్లు వెయ్యిమంది ఇచ్చిన చుక్కల్లో ఎవరు ఎందుకిచ్చారో తెలియదు. వాళ్లలో కొందరు అసలు లేనే లేకపోవచ్చు కూడా. 2001లో సోనీ పిక్చర్స్ వాళ్లు తమ సినిమాలను మెచ్చుకోవడానికి డేవిడ్ మానింగ్ అనే విమర్శకుణ్ని సృష్టించి, ప్రకటనల్లో అతని పొగడ్తలు వేసుకున్న సంగతి బయటపడింది. అలాంటి మనిషే లేడు.

తిట్టు రివ్యూ చూసి జాలిపడకు కూడా. న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన పుస్తక సమీక్షల ప్రభావాన్ని లెక్కగట్టిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. పేరున్న రచయితలకు చెడ్డ రివ్యూ వస్తే అమ్మకాలు 15 శాతం తగ్గాయి. పేరులేనివాళ్లకు మాత్రం 45 శాతం పెరిగాయి, ఎందుకంటే అలాంటి పుస్తకం ఒకటుందని జనానికి తెలిసింది. ఆ పుస్తకాలకు అసలు కీడు రివ్యూ రాకపోవడం. అది గుర్తుపెట్టుకుని, నెలకు ఒకటైనా ఎవరూ ఏమీ రాయని పుస్తకమో, గేమో ఎంచుకో. రేటింగ్ లేనిదాన్ని తెరిచినప్పుడు కలిగే ఆ స్వేచ్ఛ నీకు తెలియాలని నా కోరిక.

అలాంటిది నచ్చితే దాని గురించి నువ్వే రాయి. ఎక్కడ ఆడావో, ఎంతవరకు చదివావో, మధ్యలో ఆపేస్తే ఎందుకు ఆపావో దాచకుండా రాయి. చుక్కలు తర్వాత ఇవ్వొచ్చు, లేదా ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ముందు నాకు పంపు, అందులో ఏ వాక్యం వేరే పుస్తకానికి కూడా సరిపోతుందో గీత గీసి వెనక్కి పంపుతాను.

నీ
పెద్దమ్మ