ఇంటర్నేషనల్ హౌస్‌లో ఎందుకు ఉండాలని రాయాలి?

ప్రశ్న: నేను సివిల్ ఇంజినీరింగ్‌లో బి.టెక్. పూర్తిచేశాను. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో ఎం.ఎస్. సీటు వచ్చింది. వివిధ దేశాల విద్యార్థులు కలిసి ఉండే అక్కడి వసతిగృహం ఇంటర్నేషనల్ హౌస్‌లో ఉండాలని నా కోరిక. తెలుగమ్మాయిలతో కలిసి అద్దె ఫ్లాటులో ఉంటే ఖర్చు కలిసివస్తుందని, తిండికి ఇబ్బంది ఉండదని నాన్నగారు అంటున్నారు. దరఖాస్తుతో పాటు పంపడానికి, 'వసుధైవ కుటుంబకం అని చాటిన దేశం నుంచి వస్తున్నాను. భిన్న సంస్కృతులను తెలుసుకుని ప్రపంచ పౌరురాలిగా ఎదగాలన్నది నా ఆకాంక్ష' అని రాశాను. ఇది సరిపోతుందా? నాకు విదేశీయులతో పెద్దగా పరిచయం లేదు. కాంక్రీటు క్యూబులు పోసే ల్యాబులో మాత్రం జాంజిబార్ నుంచి వచ్చిన సహాధ్యాయి మా బ్యాచిలో ఉండేవాడు. వాళ్ల ఊరి పాత ఇళ్లను పగడపు రాయితో, సున్నంతో కట్టారని చెబుతుండేవాడు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సరిపోదు. మీరు రాసిన వాక్యంలో తప్పేమీ లేదు గానీ, అది ఏ దేశం వారైనా, ఏ కోర్సు వారైనా రాయగలిగినది. దరఖాస్తులో ఉండవలసిన విషయాన్ని మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. దాని దగ్గరకు వచ్చే ముందు ఆ ఇల్లు ఎందుకు పుట్టిందో కొంత తెలుసుకోవడం మంచిది.

1909లో న్యూయార్క్‌లో వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువజన సంఘం) ఉద్యోగి హ్యారీ ఎడ్మండ్స్, కొలంబియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం మెట్ల మీద ఎదురైన ఒక చైనా విద్యార్థిని మామూలుగా పలకరించారు. తాను ఆ నగరానికి వచ్చి మూడు వారాలైందని, తనను పలకరించిన మొదటి మనిషి మీరేనని ఆ విద్యార్థి అన్నాడు. ఆ మాట ఎడ్మండ్స్ దంపతులను నిలవనివ్వలేదు. విదేశీ విద్యార్థులను ఆదివారం భోజనాలకు పిలవడంతో మొదలైన ఆ ప్రయత్నమే, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ విరాళంతో 1924లో న్యూయార్క్‌లో తొలి ఇంటర్నేషనల్ హౌస్‌గా రూపుకట్టింది. బర్క్‌లీది 1930లో, షికాగోది 1932లో వచ్చాయి.

బర్క్‌లీ కథ ఇంకొంచెం ఘాటైనది. విదేశీయులను, నల్లజాతివారిని, ఆసియా వారిని దగ్గరకు రానివ్వని విద్యార్థి సంఘాల (ఫ్రాటర్నిటీల) నివాసాలు బారులు తీరిన పీడ్‌మాంట్ అవెన్యూనే ఎడ్మండ్స్ పట్టుబట్టి ఎంచుకున్నారు. అన్ని జాతుల వారూ ఒకే కప్పు కింద ఉండడం, అందులోనూ ఆడవారు, మగవారు ఒకే భవనంలో ఉండడం ఆ ఊరివారికి మింగుడుపడలేదు. ఈ ప్రతిపాదనను నిరసిస్తూ 800 మందికి పైగా సమావేశమైతే, ఆ సభలోనే లేచి దాన్ని సమర్థించినవారు డెలైలా బీస్లీ అనే నల్లజాతి పాత్రికేయురాలు. కనుక 'సంస్కృతులను తెలుసుకోవాలని ఉంది' అని రాస్తే, అంత పోరాడి నిలబెట్టిన ఇంటికి చూసిపోవడానికి వస్తున్న అతిథిలా కనిపిస్తారు. మీరు వచ్చి ఏం చేస్తారన్నది కూడా అందులో ఉండాలి.

ఇప్పుడు మీ చదువు సంగతి. ఆ ఇంటికి దగ్గరలోనే ఉన్న మెమోరియల్ స్టేడియం కింద నుంచి హేవర్డ్ భ్రంశరేఖ (భూకంపాలు పుట్టే నేల చీలిక) పోతుంది. 2012లో బాగుచేసి తిరిగి తెరిచినప్పుడు, ఆ రేఖ మీద పడే భాగాలు నేలతో పాటు విడిగా కదిలేలా కట్టారు. స్ట్రక్చరల్ విద్యార్థికి వాకిట్లోనే పాఠం ఉందన్నమాట. అయితే భూకంపాల విషయంలో పుస్తకం చెప్పగలిగేది సగమే. 2010లో చిలీలో 8.8 తీవ్రతతో భూకంపం వస్తే, సునామీతో కలిపి పోయినవారు ఐదు వందల పైచిలుకు. 2023 ఫిబ్రవరిలో తుర్కియేలో 7.8 తీవ్రతతో వచ్చినప్పుడు ఆ ఒక్క దేశంలోనే 50 వేల మందికి పైగా చనిపోయారు. లోతు, దూరం, జనసాంద్రత వేరన్నది నిజమే; కానీ తుర్కియేలో నిర్మాణ నియమావళి లేక కాదు, కాగితం మీద అది గట్టిదే. దాన్ని అమలుచేయకపోవడం, అక్రమ కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేయడం అక్కడ జరిగాయి. క్రమబద్ధీకరణ అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ వివరించనక్కరలేదు. మేస్త్రీ ఎక్కడ ఇనుము తగ్గిస్తాడు, ఇన్‌స్పెక్టరు ఎప్పుడు వస్తాడు, ఇంటివారు దేనికి ఖర్చుపెట్టడానికి వెనకాడతారు అన్న సంగతులు ఆ దేశపు మనిషి పక్కన కూర్చుని అన్నం తింటున్నప్పుడు మాటల్లో వస్తాయి. జాంజిబార్ సహాధ్యాయి మీకు చెప్పింది అలాంటి సంగతే. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబును 28 రోజులు నీళ్లలో నానబెట్టి, బలం చూడడానికి విరగ్గొట్టే చోట, సున్నంతో కట్టిన పగడపు రాతి గోడల గురించి విన్నారు, విని మరచిపోలేదు. అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆయన చెప్పిన దానిలో మీకు ఏ ప్రశ్న మిగిలిపోయిందో, అలాంటి ప్రశ్నలు చిలీ వారిని, జపాన్ వారిని ఏవేవి అడగాలనుకుంటున్నారో, బదులుగా మన పల్లెల్లో ఇళ్లు ఎలా లేస్తాయో మీరు ఏం చెప్పగలరో రాయండి. మొదటిసారి విదేశం వెళ్తున్నాననీ, ఒంటరితనానికి భయపడుతున్నాననీ రాసినా తప్పులేదు. 'వసుధైవ కుటుంబకం' అన్న మహోపనిషత్తు శ్లోకాన్ని మాత్రం తీసేయండి; మన దేశం నుంచి వెళ్లే దరఖాస్తుల్లో అది అరిగిపోయింది.

నాన్నగారి మాట తీసిపారేయదగినది కాదు. 1913లో కొలంబియాలో చేరిన అంబేద్కర్ కూడా మొదట అక్కడి విద్యార్థి వసతిగృహమైన హార్ట్‌లీ హాల్‌లో దిగి, కొద్ది రోజులకే భారతీయ విద్యార్థులు ఉండే కాస్మోపాలిటన్ క్లబ్‌కు మారారు; ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో కలిసి ఉన్నారు, ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. తనవాళ్ల మధ్య కుదురుకోవడం చిన్నతనమేమీ కాదు. ఇక ఖర్చు: ఇంటర్నేషనల్ హౌస్‌లో గదితో పాటు భోజనానికి కూడా తప్పనిసరిగా కట్టాలి, సొంతంగా వండుకుని మిగుల్చుకునే వీలు దాదాపు ఉండదు. కాబట్టి ఫ్లాటు అద్దెలో మీ వాటా, సరుకులు, కరెంటు, ఇంటర్నెట్, రాకపోకలు అన్నీ ఒక పక్కన, అక్కడి మొత్తం మరో పక్కన వేసి నాన్నగారికి చూపించండి. తేడా కోసం విద్యారుణం పెంచవలసి వస్తే, నా సలహా ఫ్లాటే. అప్పు పెంచకుండా సర్దుకోగలిగితే, మీ కోర్సు సాధారణంగా రెండు సెమిస్టర్లలోనే ముగుస్తుంది కనుక, ఆ కొద్ది నెలలకు ఇంటర్నేషనల్ హౌస్‌నే అడగండి. విశ్వవిద్యాలయ ప్రవేశంతో ఆ గది దానంతటదే రాదు, విడిగా దరఖాస్తు చేయాలి. ఈలోగా ఫ్లాటు వెతుకుతున్న తెలుగమ్మాయిలకు మీ సంగతి ముందే చెప్పి ఉంచితే, మీ వాటా అద్దె వారి మీద పడకుండా ఉంటుంది.