ఫిస్టులా బాగుంది, మరి వేళ్లు?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు, షుగరు ఉంది. ఎడమ మోచేతి మడత దగ్గర డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనిని సిరకు కలిపే ఏర్పాటు) వేసి నాలుగు నెలలయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. రెండో గంట దాటేసరికి ఆ చెయ్యి చల్లబడి, వేళ్లు తెల్లబడి, నొప్పితో విలవిలలాడుతున్నారు. స్కానింగులో ఫిస్టులా బాగుందని రాశారు. షుగరు వల్ల వచ్చిన తిమ్మిరేనంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: అమ్మా, ఆ రిపోర్టు తప్పు కాకపోవచ్చు. కానీ చూడవలసిన చోటుదాకా వెళ్లలేదు. ధమనిని సిరకు కలిపినప్పుడు రక్తం అడ్డు తక్కువున్న దారినే పడుతుంది. మధ్యలో తూము తెరిస్తే చివరి మడికి నీరందనట్టు, వేళ్లకు చేరవలసిన రక్తం సిరలోకి మళ్లిపోతుంది. దీన్ని స్టీల్ సిండ్రోమ్ అంటారు. ఇక్కడ స్టీల్ అంటే దొంగిలించడం. మణికట్టు ఫిస్టులాకన్నా మోచేతి ఫిస్టులాతో, అందులోనూ షుగరున్నవారికి, ఎక్కువగా వస్తుంది. డయాలసిస్‌లో బీపీ పడిపోతే నొప్పి ఇంకా పెరుగుతుంది. షుగరు తిమ్మిరి మామూలుగా పాదాల్లో, రెండువైపులా మొదలవుతుంది. ఫిస్టులా ఉన్న చెయ్యి ఒక్కటే చల్లబడుతుంటే నేను ముందు రక్తప్రసరణనే అనుమానిస్తాను.

డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే స్కానింగ్) చేసేటప్పుడు జెల్ రాయకముందే రోగి రెండు అరచేతులూ నా చేతుల్లోకి తీసుకుంటాను. చాలాసార్లు తేడా అక్కడే తెలిసిపోతుంది. తర్వాత భుజం నుంచి ధమని వెంట దిగుతూ ఎక్కడైనా సన్నబడిందేమో చూస్తాను. ఫిస్టులాలో నిమిషానికి ఎంత రక్తం పారుతోందో కొలుస్తాను. 600 మిల్లీలీటర్లు ఉంటే డయాలసిస్‌కు చాలు. 1500 దాటితే గుండె మీద భారం గురించి కూడా ఆలోచిస్తాను. ఆ తర్వాతిదే అసలు పరీక్ష. వేళ్ల ధమని మీద ప్రోబ్ (స్కానింగ్ పరికరం) ఉంచి, ఫిస్టులాను కొన్ని క్షణాలు నొక్కిపడతాను. అంతవరకు నేలబారుగా ఉన్న రక్తప్రవాహపు అల తెరమీద ఒక్కసారిగా ఎగిసిందంటే, వేళ్ల రక్తం ఎటు పోతోందో తేలినట్టే. ఆ క్షణంలో చెయ్యి వెచ్చబడుతోందని రోగులే చెబుతుంటారు.

ఫిస్టులాకు దిగువన రక్తం వెనక్కి పారుతోందని మాత్రమే రాస్తే కంగారుపడకండి. ఏ బాధా లేనివారిలోనూ అది కనిపిస్తుంది. ఆ ఒక్క వాక్యం చూసి ఫిస్టులా మూయించుకోవద్దు. పైన ధమని సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేయవచ్చు, ప్రవాహం ఎక్కువైతే ఆపరేషన్‌తో తగ్గించవచ్చు. మూసేయడం చివరి మార్గం.

ఇంట్లో మాత్రం నొక్కి చూడకండి, రక్తం గడ్డకట్టవచ్చు. వేలి కొన నల్లబడినా, పుండు పడినా, పట్టు సడలినా ఆ రోజే వాస్క్యులర్ సర్జన్‌కు (రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టరుకు) చూపించండి. ఇప్పుడైతే స్కానింగ్ చీటీ మీద 'ఫిస్టులా నొక్కి, వదిలి, వేళ్ల ధమనులు కూడా చూడాలి' అని మీ కిడ్నీ డాక్టరుగారితో రాయించుకోండి.