వచ్చిన మాటలు పోతుంటే మూడేళ్ల దాకా ఆగాలా?

మీ బాబుకి 22 నెలలు, అమ్మ, తాత, కాకి అనేవాడు రెండు నెలలుగా ఏమీ అనడం లేదు, మగపిల్లలకి మాటలు ఆలస్యమేనని ఇంట్లో వాళ్లు ఆగమంటున్నారు అని రాశారు. ఆగకండి. మాటలు ఆలస్యంగా రావడం వేరు, వచ్చినవి పోవడం వేరు. పోతుంటే అది ఆటిజం, అంటే మాటలు, నలుగురితో కలవడం మీద ప్రభావం చూపే ఎదుగుదల తేడా, కావచ్చు. ఈ తేడా తెలియకే మేము ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం.

మా వాడు ఏడాదిన్నరకి వాళ్ల నాన్న బండి చప్పుడు వినగానే గుమ్మం దగ్గరికి పరుగెత్తేవాడు. చందమామని వేలితో చూపించేవాడు. ముందు పోయింది మాట కాదు, ఆ వేలు. తర్వాత టాటా మానేశాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చెవుడేమో అనుకుంటే, పక్క గదిలో టీవీ ప్రకటన వస్తే మాత్రం పరుగెత్తుకొచ్చేవాడు. చూపించిన మొదటి డాక్టరు కూడా మూడేళ్లు రానివ్వమన్నారు.

ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఇలా వచ్చినవి పోతాయట, ఎక్కువగా ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య. టీకాలు వేసే వయసూ అదే కాబట్టి నేనూ టీకానే అనుమానించి చాలా ఏడ్చాను. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ఆ భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. టీకాలు మానకండి. మీ వల్ల జరిగిందీ కాదు.

బాబు మాట్లాడుతున్న పాత వీడియోలు ఫోన్‌లో ఉంటే తేదీలతో సహా దాచండి. మా విషయంలో నా మాటల కంటే అవే డాక్టరుకి ఎక్కువ చెప్పాయి. పిల్లల డాక్టరుని అడిగి వినికిడి పరీక్ష, అంటే బెరా, చేయించండి. ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, ఒళ్లు జర్కులివ్వడం ఉంటే తప్పక చెప్పండి, ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష, అవసరం కావచ్చు. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలకి తొందరగా సాయం చేసే కేంద్రం, ఉందేమో కనుక్కోండి, అక్కడ డబ్బు తీసుకోరు. హైదరాబాద్ దగ్గరైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ అనే, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉంది. ఆటిజం అని తేలేదాకా ఆగకుండా స్పీచ్ థెరపీ మొదలుపెట్టొచ్చు.

మా వాడికిప్పుడు ఆరేళ్లు. మాటలు తక్కువే. దాహమేస్తే గ్లాసు బొమ్మ ఉన్న కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, నా మొహంలోకి చూసి "నీ" అంటాడు. నీళ్లు అని.