పాలు, గుడ్లు మానేశాక సాయంత్రానికి నీరసమా?

"పాలు, గుడ్లు మానేసి రెండు నెలలైంది, బీసెంట్ రోడ్డు షాపులో నాలుగింటికల్లా కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు కదా. మీరు రాసిన తిండి చూశాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, దొండకాయ వేపుడు, చారు. ప్రొటీన్ సంగతి తర్వాతండీ, అసలు తిండే చాలట్లేదు! రెండు తీసేశారు గానీ వాటి చోట ఏమీ పెట్టలేదు.

కిలో బరువుకు 0.83 గ్రాముల లెక్కన, 60 కిలోల మీకు రోజుకు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. 100 గ్రాముల పెసల్లోనే దాదాపు 24 ఉంటుంది. పొద్దున పెసరట్లు వేసుకోండి, పక్కన పల్లీ చట్నీ. (అల్లం పచ్చడి లేకుండా పెసరట్టా అంటారేమో, రెండూ పెట్టుకోండి.) మధ్యాహ్నం చారుకు ముందు ముద్దపప్పు, అదీ గరిటెడు కాదు, గిన్నెడు. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్ (ఒంటికి తిండి నుంచే అందాల్సిన ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రొటీన్‌లో ఒక భాగం) పప్పులో దొరుకుతుంది. మూడున్నరకి గుప్పెడు వేయించిన శనగలు, రెండు అరటిపళ్లు. వారంలో రెండుసార్లు మీల్ మేకర్ కూర.

బి12 విటమిన్ మాత్రం పప్పుల్లో, కూరల్లో దొరకదు, బిళ్ల వేసుకోవాల్సిందే. కళ్లు తిరుగుతున్నాయి కాబట్టి ముందు డాక్టరుకు చూపించుకుని, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించండి. భోజనం కాగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగండి, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు.