ఎండలో పద్మిని కారు ఆగిపోతోంది: పెట్రోలా, స్పార్కా?
కర్నూలు నుంచి వస్తుంటే గుత్తి దాటాక పాత ప్రీమియర్ పద్మిని కారు ఆగిపోతోంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్టవుతోంది, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపేది) మార్చాలా అని అడిగారు. అప్పుడే వద్దు. బండి వేడిగా ఉండగానే ఒక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి (గుడ్డతో పట్టుకోండి, చెయ్యి కాలుతుంది), చల్లారాక చూస్తే ఏమీ దొరకదు. పొడిగా ఉంటే పెట్రోలు అందట్లేదు. ఇంజనుకు పెట్రోలు లాగే పంపు మీద తడిగుడ్డ వేసి, కాసేపాగి సెల్ఫ్ కొడితే అందుకుందంటే లైన్లో పెట్రోలు ఆవిరై పంపు లాగలేకపోతోందన్నమాట, మన ఏప్రిల్ ఎండలకు ఇది మామూలే. ప్లగ్ తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే స్పార్క్ చూడాలి. విప్పిన ప్లగ్‌ను దాని వైరుకు తగిలించి, కార్బురేటర్‌కీ ప్లగ్ తీసిన రంధ్రానికీ దూరంగా ఇంజను బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టించండి; నీలంగా టప్‌మని కొట్టకుండా పసుప్పచ్చగా, నీరసంగా వస్తే నా అనుమానం ముందు కండెన్సర్ (స్పార్క్ బలంగా వచ్చేలా చూసే చిన్న డబ్బా) మీదే, తర్వాత కాయిల్ (స్పార్క్‌కు కావలసిన హై వోల్టేజి ఇచ్చేది) మీద. రెండూ వేడెక్కాకే మొరాయిస్తుంటాయి.